తిన్నవా బిడ్డా? – దశరథ మహారాజు అడిగిన ప్రశ్న


*గురువారం సత్సంగం*

గల్ఫ్‌లో ఉన్న మన అన్నలు, తమ్ముళ్లు, అక్కలు, చెల్లెళ్లందరూ డ్యూటీ దిగి, స్నానం చేసి, కాళ్లు చాపుకున్నాక నిదానంగా చదవండి. ఈ వారం కాస్త పెద్దగానే ఉంటుంది.

ఒక మాట అడుగుతాను. నిన్న ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మ మొట్టమొదట ఏమడిగింది? మీరు చెప్పక్కర్లేదు, నాకు తెలుసు. "తిన్నవా బిడ్డా? ఏం కూర?" గోదావరి జిల్లాల వాళ్లకైతే "అన్నం తిన్నావా నాన్నా?" అని. యాస వేరు, ప్రశ్న ఒక్కటే.

దానికి మనం ఏం చెప్తాం? "ఆ, తిన్న. ఇంకేంది సంగతి?" అంటాం. పదేళ్ల నుంచి రోజూ అదే ప్రశ్న, రోజూ అదే జవాబు. ఒక్కోసారి విసుగు కూడా వస్తుంది. "నేనేమన్నా చిన్నపిల్లగాన్నా? వేరే మాటే లేదా నీకు?" అని కసురుకుంటాం. నేను కూడా అట్లా కసురుకున్నవాణ్ణే. అందుకే ఈ మాట రాస్తున్నాను.

*మా ఇంటి సంగతి*

మాది జగిత్యాల జిల్లాలో ఒక ఊరు. మా బాపు ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైర్ అయ్యాడు. అక్కకు అత్తగారిల్లు దూరం. నేను కువైట్‌లో. ఇంట్లో మిగిలింది బాపు, అమ్మ ఇద్దరే. పొద్దున నాలుగున్నరకే లేస్తారు. లేచి చేసే పనేమీ ఉండదు, కానీ ఫస్ట్ బస్సు డ్యూటీ చేసిన ఒళ్లు కదా, అలవాటు పోలేదు. బాపు వాకిట్లో కూర్చొని రోడ్డు మీద పోయే బస్సుకు ఎంతమంది ఎక్కారో చూస్తాడు. అమ్మ ఇద్దరికీ చాయ పెడుతుంది. ఆమెకు షుగర్, ఆయనకు బీపీ. ఇద్దరి మందులూ ఒక్క డబ్బాలోనే. అప్పుడప్పుడు ఒకరివి ఒకరు వేసుకుంటారేమోనని నాకు భయం.

ఇక్కడ సాయంత్రం ఏడైతే అక్కడ రాత్రి తొమ్మిదిన్నర. నా ఫోన్ వచ్చేదాకా వాళ్లు పడుకోరు. ఫోన్‌ను దేవుడి అల్మరా పక్కన పెట్టి, చార్జింగ్ ఉందా లేదా అని అమ్మ పదిసార్లు చూస్తుందట. ఈ సంగతి నాకు పక్కింటి వాళ్లు తర్వాతెప్పుడో చెప్పారు. నేనేమో డ్యూటీ నుంచి వచ్చి, వండుకొని, తిని, వీడియోలు చూసి, గుర్తొస్తే చేసేవాణ్ణి. లేకపోతే లేదు.

2020 ఏప్రిల్‌లో బాపు పోయాడు. గుండెపోటు. అప్పటికి విమానాలు బంద్. డబ్బులున్నా, కంపెనీ సెలవిచ్చినా పోవడానికి దారి లేదు. మా పెద్దనాయన కొడుకు తలకొరివి పెట్టాడు. నేను క్యాంపులో బంక్ మీద కూర్చొని ఫోన్లో చూశాను. మధ్యలో రెండుసార్లు నెట్ పోయింది. మీలో కూడా చాలామంది ఇట్లాగే ఫోన్లోనే చివరి చూపు చూసి ఉంటారు. ఆ బాధ నేను మీకు వేరే చెప్పనక్కర్లేదు.

మరుసటి సంవత్సరం సెలవు మీద పోయినప్పుడు అమ్మ ఒక పాత డైరీ నా చేతిలో పెట్టింది. బాపుది. టికెట్ల లెక్క రాసీ రాసీ అలవాటైన చెయ్యి, ఏదో ఒకటి రాయకుండా ఉండలేదు. తెరిచి చూస్తే రోజుకు ఒక్క లైను. తేదీ వేసి, "ఇయ్యాల చికెన్ వండుకున్నడు." తర్వాత రోజు, "పప్పు, కుబ్బూస్." ఇంకో రోజు, "జ్వరం ఉన్నదట. గంజి తాగిండు." కొన్ని తేదీల పక్కన, "ఫోన్ రాలే." అంతే. కోపం లేదు, ఫిర్యాదు లేదు. అట్లా రెండేళ్ల పేజీలు. నేను "ఆ, తిన్న" అని కొట్టిపారేసిన జవాబులను ఆయన లెక్క రాసి దాచుకున్నాడు.

*దశరథుడు కూడా ఇదే అడిగాడు*

నేను మనసు పాడు చేసుకొని మా ఊరి పంతులుగారికి ఫోన్ చేశాను. "అయ్యగారూ, కన్నతండ్రికి కర్మ చేయలేకపోయిన. నేను పాపినేనా?" అని అడిగాను. ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. "అయోధ్యాకాండ ఎప్పుడన్నా విన్నవా?" అని అడిగి ఈ కథ చెప్పాడు. తర్వాత నేను వాల్మీకి రామాయణం తెలుగులో తెప్పించుకొని చదివాను.

రాముడు అడవికి బయల్దేరాడు. సుమంత్రుడు రథం మీద గంగ ఒడ్డు దాకా, శృంగిబేరపురం దాకా దింపి వచ్చాడు. ఖాళీ రథం అయోధ్యకు తిరిగొచ్చింది. ముసలి రాజు మంచం మీద ఉన్నాడు. సుమంత్రుణ్ణి చూడగానే ఏమడిగాడో తెలుసా? రాజ్యం గురించి కాదు, శత్రువుల గురించి కాదు. నా బిడ్డ ఎక్కడ కూర్చున్నాడు, ఎక్కడ పడుకున్నాడు, ఏం తిన్నాడు? అవి చెప్పు, ఆ మాటలతోనే నేను బతుకుతాను అన్నాడు.

ఒక్కసారి ఆలోచించండి. ఆయన చక్రవర్తి. ఇంట్లో బంగారానికి కొదవ లేదు. కొడుకు ఎంత సంపాదిస్తాడు, ఎంత పంపిస్తాడు అనే చింత లేదు. అయినా ఆయనకు కావలసింది కొడుకు తిన్న తిండి లెక్క, పడుకున్న చోటు లెక్క. మన అమ్మ "ఏం కూర?" అని అడిగితే, అది వేరే మాట లేక అడిగేది కాదు సోదరులారా. బిడ్డ కళ్ల ముందు లేనప్పుడు తల్లిదండ్రులు ఆ బిడ్డ దినాన్ని మనసులో కట్టుకోవాలి. కూర పేరు, పడక చోటు, ఒంటి సంగతి లేకపోతే వాళ్లు దేనితో కట్టుకుంటారు?

"నెలనెలా డబ్బు పంపుతున్న కదా, ఇంకేం కావాలె?" అనేవాళ్లు మనలో ఉన్నారు. డబ్బు పంపడం తప్పకుండా ధర్మమే. అప్పులు తీర్చడం, చెల్లెలి పెళ్లి చేయడం, ఇల్లు కట్టడం చిన్న పనులు కావు. కానీ డబ్బుతో తీరేది ఒక ఆకలి. దశరథుడి ఆకలి ఇంకొకటి.

*ఒక కబురులో రెండు గొంతులు*

రాముడు సుమంత్రుడితో ఇంటికి ఏమని కబురు పంపాడు? అడవిలో ఉన్నామని నేను గానీ లక్ష్మణుడు గానీ బాధపడటం లేదు, పద్నాలుగేళ్లు గడవగానే మమ్మల్ని మళ్లీ చూస్తారు అని. ఇందులో రెండు సంగతులు గమనించండి. ఒకటి, ధైర్యం చెప్పాడు. రెండు, వచ్చే కాలం లెక్కతో సహా చెప్పాడు.

మనం ఏం చెప్తున్నాం? "వస్తలే అమ్మా, చూద్దాం." చూద్దాం అనేది తేదీ కాదు. వచ్చే దసరాకో, సంక్రాంతికో, అగ్రిమెంట్ అయ్యాకో, ఒక లెక్క చెప్పండి. ఏదైనా అడ్డమొచ్చి ఆ లెక్క తప్పితే, తప్పిందని కూడా మీరే ముందు చెప్పండి. ముసలివాళ్లకు రోజులు లెక్కపెట్టుకోవడానికి ఒక తేదీ ఉంటే, అదే పెద్ద బలం.

అదే రథంలో లక్ష్మణుడి మాట కూడా వచ్చింది. ఆయన మాత్రం కోపంతో మాట్లాడాడు. ఈయనలో నాకు తండ్రితనం కనబడటం లేదు, నాకు తండ్రి, అన్న, చుట్టం అన్నీ రాముడే అన్నాడు. లక్ష్మణుడి కోపానికి కారణం ఉంది, కాదనలేం. కానీ ఆ మాట చేరింది ఎవరికి? కొద్ది గంటల్లో ప్రాణం పోబోతున్న తండ్రికి.

మన ఫోన్ కూడా సుమంత్రుడి రథమే. దాంట్లో ఏ గొంతు ఎక్కించి పంపుతున్నాం? అన్నదమ్ముల పొలం గొడవ, "తమ్ముడికే అంతా పెట్టినరు" అనే లెక్క, మేస్త్రీ మీద కోపం తెచ్చి అమ్మ మీద చూపడం, ఇవన్నీ ఎక్కిస్తే అవే దిగుతాయి. అడగాల్సిన న్యాయం ఉంటే అడగండి. కానీ రాత్రి పడుకోబోయే ముందు ఫోన్లో కాదు. ఇంటికి పోయినప్పుడు, పక్కన కూర్చొని, పెద్దమనుషుల ముందర అడగండి.

*నలుగురు కొడుకులుండి...*

ఆ రాత్రే దశరథుడు కన్నుమూశాడు. నలుగురు కొడుకులు. ఒక్కడు కూడా పక్కన లేడు. రాముడు, లక్ష్మణుడు అడవిలో. భరతుడు, శత్రుఘ్నుడు మేనమామ ఊళ్లో, కేకయ దేశంలో. కొడుకు లేకుండా సంస్కారం చేయలేక రాజు దేహాన్ని నూనె తొట్టిలో భద్రం చేశారు. ఈ రోజు మన ఊళ్లో ఫ్రీజర్ పెట్టె తెప్పించి "కొడుకు దుబాయ్ నుంచి బయల్దేరిండట" అని కాచుకుంటారే, అదే. భరతుడి దగ్గరికి పంపిన మనుషులకు వసిష్ఠుడు ఏం చెప్పాడు? తండ్రి పోయిన సంగతి చెప్పకండి, అర్జెంటు పని ఉంది రమ్మని మాత్రమే చెప్పండి అన్నాడు. మనకు కూడా "బాపుకు జర బాగలేదు, టికెట్ తీసుకో" అనే ఫోన్ వస్తుంది కదా. అప్పుడు గుండెలో ఏమవుతుందో, భరతుడికీ అదే అయింది. దారి పొడుగునా ఆయన మనసు కీడునే శంకించింది.

రాముడికైతే ఇంకా ఆలస్యంగా తెలిసింది. చిత్రకూటానికి వచ్చిన భరతుడు చెప్తే గానీ తండ్రి లేడని తెలియదు. అప్పటికి కర్మ కూడా అయిపోయింది. సాక్షాత్తు రాముడికే తండ్రి చివరి చూపు దక్కలేదు. ఆయనను ఎవరన్నా పాపి అన్నారా?

మరి ఆయన ఏం చేశాడు? మందాకినీ నదిలో దిగి తర్పణం వదిలాడు. పిండానికి బియ్యం లేవు. అడవిలో దొరికే గారపండ్ల గుజ్జు, రేగుపండ్లు కలిపి దర్భల మీద పెట్టాడు. నాన్నా, మేము తినేది ఇదే, నువ్వూ ఇదే తిను అన్నాడు.

ఇక్కడికి వచ్చేసరికి పంతులుగారు ఒక మాట అన్నాడు. "చూసినవా? తండ్రి అడిగిన ఆఖరి ప్రశ్న 'ఏం తిన్నడు' అని. ఆ ప్రశ్నకు కొడుకు ఇక్కడ జవాబు చెప్పిండు. మేము ఇది తింటున్నం నాయనా అని చెయ్యి చాపి చూపించిండు. ఆలస్యంగానన్నా చెప్పిండు."

నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. ఆ రోజు రూములో నేను వండుకున్న అన్నమే ఒక ముద్ద తీసి, దుకాణంలో దొరికిన నువ్వులు కలిపి, బాపు పేరు చెప్పుకొని పెట్టాను. "బాపూ, ఇయ్యాల పప్పు వండిన" అన్నాను. పూర్తి జవాబు చెప్పడం నాకు అదే మొదటిసారి.

*ఇంకా టైముంది కదా, ఈ వారం ఇవి చేద్దాం*

నాకు ఆలస్యమైంది. మీకు కావద్దని ఈ నాలుగు మాటలు.

1. "తిన్నవా?" అంటే పూర్తిగా చెప్పండి. ఏం కూర, ఎవరు వండారు, ఉప్పు ఎక్కువైందా. తర్వాత మీరు కూడా అడగండి, "నువ్వేం తిన్నవ్ అమ్మా? గోలీ వేసుకున్నవా?" అని. ఇద్దరి మందులకూ రెండు వేర్వేరు డబ్బాలు పెట్టించండి.

2. ఒక టైము అనుకోండి. కువైట్, సౌదీ, ఖతార్, బహ్రెయిన్ వాళ్లకు మన దేశంతో రెండున్నర గంటల తేడా. దుబాయ్, మస్కట్ వాళ్లకు గంటన్నర. మనం తీరిగ్గా తిని చేసేసరికి వాళ్లకు అర్ధరాత్రి అవుతుంది. ఇళ్లల్లో పనిచేసే అక్కలకు ఫోన్ చేతికి రావడమే కష్టం. మీరు వాయిస్ మెసేజ్ పెట్టండి. అమ్మ దాన్ని పదిసార్లు వింటుంది. రాముడు పంపింది కూడా అట్లాంటి కబురే.

3. కాగితాలు చూసుకోండి. ఇదీ సేవే. ఈపీఎఫ్ పెన్షన్ వచ్చే తల్లిదండ్రులకు లైఫ్ సర్టిఫికెట్ ఏడాదికోసారి ఇవ్వాలి, లేకపోతే పెన్షన్ ఆగుతుంది. ఇప్పుడు ఫోన్లో ముఖం చూపించి కూడా ఇవ్వొచ్చు. 70 ఏళ్లు నిండిన వాళ్లకు ఆయుష్మాన్ కార్డు కింద ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఉంది, తీయించారా అని అడగండి. పెద్దవాళ్లకు ఏదన్నా ఇబ్బంది అయితే మన దేశంలో 14567 అనే ఉచిత నంబరు ఉంది. అమ్మ ఫోన్లో సేవ్ చేయించండి.

4. జ్వరమొస్తే దాచకండి, వాళ్లను కూడా దాచనివ్వకండి. "నీకెందుకు చెప్పాలె, అంత దూరంల ఉన్నవ్" అని వాళ్లు అంటారు. దూరంలో ఉన్నవాడికే చెప్పాలి అని గట్టిగా చెప్పండి.

తల్లిదండ్రులు ఇప్పటికే పోయినవాళ్లు ఈ ఉత్తరం చదువుతూ ఉంటే, మీరు కుమిలిపోకండి. మీరు సరదాకు రాలేదు, ఇంటి కోసం వచ్చారు. ఈ రోజు మీరు తినే అన్నంలోంచి ఒక ముద్ద తీసి, వాళ్ల పేరు చెప్పండి. ఏం తింటున్నారో చెప్పండి. రాముడు చేసింది అదే.

మా అమ్మ ఇప్పుడు ఒక్కతే ఉంది. బాపు డైరీ ఆమె దగ్గరే ఉంది. ఆమెకు రాయడం రాదు. అందుకే రోజూ రాత్రి పక్కింటి పిల్లతో రాయిస్తుందట. మొన్న ఆ పిల్ల నాకు ఆ పేజీ ఫోటో తీసి పంపింది. తేదీ వేసి ఉంది. పక్కన, "బెండకాయ. ఉప్పు జర ఎక్కువైందట."

ఇది చదవడం అయ్యాక ఫోన్ పక్కన పెట్టకండి. ఇంటికి చేయండి. ఈసారి వాళ్లు అడగకముందే మీరే చెప్పండి.

శ్రీరాముడు మీ ఇంటిని, మీ పెద్దవాళ్లను చల్లగా చూడాలి. మీ రూములో ఉన్న నలుగురికీ ఇది పంపండి. వచ్చే గురువారం మళ్లీ కలుద్దాం.

🙏 శుభం 🙏