అటు తిరుగు బిడ్డా!

మా ఇంటి బెల్లు మోగితే చాలు, మావారు పేపర్లోంచి తలెత్తకుండానే "వెళ్ళు, నీ పేషెంటు వచ్చినట్టుంది" అంటారు. నేను డాక్టర్ని కాను. పటాన్‌చెరులో ఓ చిన్న ఫ్యాక్టరీ ఆఫీసులో పద్దెనిమిదేళ్ళు లెక్కలు రాసి, మోకాళ్ళ నొప్పులతో మానేసిన మామూలు ఇల్లాలిని. ఆ ఉద్యోగంలో కంప్యూటర్ ముందు కూర్చున్న పాపానికి, రామచంద్రాపురంలో మా వీధి వీధంతటికీ "అన్నీ తెలిసిన మనిషి"నైపోయాను.

ఒకావిడకు అమెరికా మనవడి ఫోటోలు కనిపించవు. ఇంకొకావిడకు గ్యాస్ బుక్ కాదు. మరొకాయన ప్రింటరు కాగితం మింగేసి కక్కనంటుంది. 2021లో కోవిడ్ టీకాలకు పేర్లు నమోదు చేయించుకోవాల్సి వచ్చినప్పుడైతే చెప్పక్కర్లేదు. ఒక ఫోను నంబరు మీద నలుగురి పేర్లే పడేవి. ఎవరి పేరు ఎవరి ఫోనులో ఎక్కించానో రాసుకోవడానికి పాలవాడి లెక్కల పుస్తకం సగం ఖర్చయింది. కుక్కర్ ఈలలు ఒక చెవిన, ఓటీపీ అంకెలు ఇంకో చెవిన! ఫీజు మాటంటారా? ఆవకాయ జాడీ, సీతాఫలాల కాలంలో నాలుగు కాయలు, "చల్లగా ఉండు తల్లీ" అన్న దీవెన.

నిజం చెప్పొద్దూ, నాకు లోలోపల గర్వంగానే ఉండేది. పదిమందికి అక్కరకొస్తున్నానంటే ఎవరికి బాగుండదు?

ఈ పని మా ఇంట్లో కొత్తదీ కాదు. బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం వచ్చిన తర్వాత ఎక్కడెక్కడివాళ్ళో ఈ చుట్టుపక్కల చేరారు. 1972లో పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ వచ్చింది, తర్వాత వరసగా మందుల ఫ్యాక్టరీలు, ఇనుప ఫ్యాక్టరీలు. ఊరు వదిలి వచ్చిన ఆడవాళ్ళకు పుట్టింటి కబురు తెలియాలంటే ఉత్తరమే దిక్కు. చదువు రానివాళ్ళంతా మధ్యాహ్నం మా అమ్మ దగ్గరికి వచ్చేవారు. అమ్మ ఇన్‌లాండ్ కవరు మీద వాళ్ళు చెప్పింది చెప్పినట్టే రాసి, చదివి వినిపించి, నాలికతో తడిపి అంటించేది. "ఏం రాయించుకుందే ఆవిడ?" అని నాన్నగారు అడిగితే, "ఉత్తరం అంటించానండీ, మర్చిపోయాను" అనేది. అప్పట్లో అది అమ్మ మతిమరుపే అనుకున్నాను!

ఇక అసలు సంగతికి వస్తాను.

మా ఎదురింట్లో ఒక పెద్దమ్మ ఉంది. మాకు చుట్టమేమీ కాదు, పిలుపు అలా అలవాటైంది. మాత్రలు డబ్బాల్లో సర్దే పనిలో ఇరవై ఏళ్ళకు పైగా చేతులరగదీసుకుంది. "అరగదీసుకోవడం" మాటవరసకు అనటంలేదు. ప్రావిడెంట్ ఫండు పింఛను రావాలంటే, బతికే ఉన్నానని ఏడాదికోసారి రుజువు చూపాలి కదా. ఆ రుజువును వేలిముద్రతో ఇచ్చే ఏర్పాటు వచ్చింది. కానీ ఈవిడ వేళ్ళమీద గీతలే మిగల్లేదు. యంత్రం ఎన్నిసార్లు చూసినా తల అడ్డంగానే ఊపింది. తర్వాత ముఖం చూపించే పద్ధతి వచ్చాక నేనే మా వరండాలో కూర్చోబెట్టి, "కళ్ళు మూసి తెరువు పెద్దమ్మా" అన్నాను. తెరిచింది. పని అయిపోయింది. "బతికున్ననని గిట్ల కన్ను గొట్టి చెప్పాల్నా బిడ్డా!" అని ఒకటే నవ్వు.

ఆ నవ్వుతోపాటే తన ఫోనూ, డబ్బులు పంపే పిన్ను అంకెలూ నా చేతిలో పెట్టేసింది. "నీకు దెల్వంది ఏమున్నది? నువ్వే ఒత్తు."

ఒకరోజు ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు కొడుకు ఆ ఫోను పట్టుకొచ్చాడు. "అక్కా, అమ్మ ఖాతాల ఎంతున్నదో జెర చూసి చెప్పవా?" అన్నాడు. నేను చపాతీ పిండి చెయ్యి తుడుచుకుని, నాలుగంకెలూ నొక్కి చెప్పేశాను. అరవై వేల చిల్లర. వారం తిరక్కుండా ఆ డబ్బు కొడుక్కి బదులుగా వెళ్ళిపోయింది. అతను చెడ్డవాడని అనను. కాంట్రాక్టు ఉద్యోగం, ఇద్దరు పిల్లల ఫీజులు. కానీ అది కంటి ఆపరేషనుకని పెద్దమ్మ పింఛనులోంచీ, కూలిలోంచీ కూడబెట్టుకున్న సొమ్ము. దాని సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదట.

ఆవిడ నాతో దెబ్బలాడలేదు. ఒక్క మాటే అంది. "నీకు అంకెలు చెప్పింది ఒత్తనీకి బిడ్డా, చెప్పనీకి గాదు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మావారేమో, "కొడుకే కదా, పరాయివాడా? అడిగితే అబద్ధం చెప్తావా?" అన్నారు. మీరే చెప్పండి, నేను చెప్పింది నిజమే కదా! నిజం చెప్పడం తప్పెలా అవుతుంది?

ఆలోచించగా నాకు తోచిందిది. ఊరెళుతూ పక్కింటావిడ తులసికి నీళ్ళు పొయ్యమని తాళంచెవి ఇస్తుంది. అది బీరువా తెరవడానికి ఇచ్చినట్టు కాదు. తీరా తెరిచి చూసి, ఉన్నదున్నట్టే చెప్పానంటే ఒప్పైపోతుందా? సాయం చేస్తూ తెలుసుకున్న నిజం మనది కాదు. దాన్ని పంచే హక్కూ మనకు లేదు. అలాగని అబద్ధమాడే పనీ లేదు. "అమ్మనే అడుగు నాయనా" అంటే సరిపోయేది. మూడు మాటలు! ఎవరైనా ఆవిణ్ణి మోసం చేస్తున్నట్టు కనిపిస్తే? అప్పుడు నోరు మూసుకోమని కాదు. ముందుగా ఆవిడకే చెప్పాలి, 1930కి ఫోను చేయించాలి. కబురు ఎవరిదో వాళ్ళకే ముందు చేరాలి.

మా అమ్మది మతిమరుపు కాదని యాభై ఏళ్ళు దాటాక నాకు తెలిసొచ్చింది.

ఇంకో సంగతీ ఉంది. అసలా అంకెలు నా దగ్గర ఎందుకున్నాయి? నేర్పడానికి గంట పడుతుంది, చేసిపెట్టడానికి నిమిషం చాలు. పైగా నేర్పేస్తే ఇంక నా గుమ్మం ఎవరు తొక్కుతారు? ఆ మాట పైకి అనుకోలేదు గానీ, గర్వం అనేది పక్కనే కూర్చుని వింటూనే ఉంటుంది. మా అమ్మ కూడా అన్ని ఉత్తరాలు రాసిపెట్టింది గానీ, ఒక్కరికైనా అక్షరాలు దిద్దించలేదు. చివరి రోజుల్లో ఆ మాట తనే అని బాధపడింది.

మర్నాడే వెళ్ళి పెద్దమ్మకు క్షమాపణ చెప్పుకున్నాను. తర్వాత రెండు వారాలు మధ్యాహ్నం పూట మా ఇంట్లో బడి. అంకెలు ఆవిడకు వచ్చు, ఫోను మీద భయమే వదల్లేదు. డబ్బు పోవడానికి పిన్ను కావాలి, రావడానికి అక్కర్లేదని పదిసార్లు చెప్పించాను. కూరగాయలవాడికి తనే ఇరవై రూపాయలు పంపిన రోజు, కాయలకంటే ఆ టింగుమన్న చప్పుడుకే ఎక్కువ మురిసింది.

ఆఖరి పాఠం పిన్ను మార్చడం. పాతది నొక్కింది. కొత్తది అడిగింది ఫోను. పెద్దమ్మ వేలు గాల్లో ఆగిపోయింది. ఒక్కసారి నా మొహంలోకి చూసి, "అటు తిరుగు బిడ్డా" అంది.

తిరిగాను. కిటికీలోంచి వీధి చూస్తూ నుంచున్నాను. గుండెలో ఏదో చిన్న ముల్లు కలుక్కుమన్నమాట నిజం. మళ్ళీ నమ్మకపోయె కదా అనిపించింది. వెంటనే, నేను నేర్పిన పాఠం ఇదే కదా అనీ అనిపించింది.

"అయింది, ఇగ తిరుగు" అంది.

ఆ నాలుగంకెలు ఏమిటో నాకు తెలియదు. బెల్లు మాత్రం ఇప్పటికీ మోగుతూనే ఉంది. వచ్చినవాళ్ళకు కుర్చీ వేస్తాను, కాఫీ ఇస్తాను. ఫోను మటుకు వాళ్ళ చేతిలోనే ఉంచుతున్నాను.