బరి నుంచి వెండితెరకు

1963లో బీజింగ్‌లో జన్మించిన జెట్ లీ, సంప్రదాయ యుద్ధవిద్యలను చైనా ప్రభుత్వం పోటీ క్రీడగా తీర్చిదిద్దిన 'వూషూ'ను చిన్ననాడే అభ్యసించి, 1974లో శ్వేతసౌధంలో అధ్యక్షుడు నిక్సన్ ఎదుట ప్రదర్శన ఇచ్చి, జాతీయ స్థాయిలో పలుమార్లు విజేతగా నిలిచారు. ఆయన రాణించిన 'తావోలు' విభాగంలో ప్రత్యర్థిని ఓడించడం ప్రధానం కాదు. ముందే కూర్చిన అడుగులను, గెంతులను, కత్తి విసుర్లను, కర్రసాము వరుసలను తడబడకుండా చేసి చూపగా, కాలు నేలకు ఆనిన తీరును సైతం న్యాయనిర్ణేతలు గమనించి మార్కులు వేస్తారు కనుక, కెమెరా కోరే కచ్చితత్వం ఆయనకు సినిమాల్లోకి రాకముందే అలవడిందనాలి. తొలి చిత్రం 'షావోలిన్ టెంపుల్' 1982లో ఘనవిజయం సాధించి, హెనాన్‌లోని ఆ బౌద్ధ మఠానికి సందర్శకుల తాకిడిని పెంచింది. అయితే నటుడిగా ఆయనకు నిండుదనం తెచ్చినది, 1991లో చూయ్ హార్క్ దర్శకత్వంలో పోషించిన వాంగ్ ఫేహుంగ్ అనే చారిత్రక వైద్యుడి పాత్రే. హాలీవుడ్ మాత్రం 1998లో ఆయనకు మొదట ప్రతినాయకుడి వేషమే ఇచ్చింది.