పాతర ధాన్యము - ప్రపత్తి

భారమంతయు శ్రీమన్నారాయణుని పాదములపై ఉంచినవాడు రాబోవు కరువు కొఱకు గింజలు దాచుకొనవచ్చునా? దాచుకొన్నచో ఆ శరణాగతికి లోపము కలుగదా?

మత్స్యావతార ఘట్టమును స్మరించినచో ఈ సంశయమునకు కొంత సమాధానము దొరకును. ఏడవనాడు ప్రళయము రానున్నదని స్వామి సత్యవ్రతునకు ముందే తెలిపినాడు. ప్రళయమును ఆపెదనని మాత్రము అనలేదు. ఓషధులను, సకల బీజములను సేకరించుకొని నావ ఎక్కుమన్నాడు. రక్షకుడు ఆయనే, కాని విత్తనములు పోగుచేయు పని రాజునకు అప్పగించినాడు!

కర్నూలు జిల్లా పడమటి భాగమున ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల రైతులు తరతరములుగా చేసినదియు ఇట్టి పనియే. నల్లరేగడి నేలలు, నమ్మరాని వానలు. వారు కరువులను సంవత్సరముల పేర్లతో గుర్తుంచుకొన్నారు. 1876-78 నాటి మహాక్షామము వారికి ధాత కరువు. అప్పుడు ఆదోని బళ్ళారి జిల్లాలో ఉండెడిది. 1871 నాటికే రైలుమార్గము ఆదోని మీదుగా రాయచూరు చేరినది. ధాన్యము రైలులో రాగలిగినను, మండిపోవు ధరలకు కొనగలవారెందరు? లక్షలాది జనులు నశించిరి. పెరటిలోని పాతర విలువ అట్టి దినములలోనే తెలియును.

పాతర యనగా మిట్టనేలలో త్రవ్విన గొయ్యి. మూతి ఇరుకు, కడుపు విశాలము. గోడల వెంట గడ్డి పరచి, జొన్నలు నింపి, బండతో మూసి మన్ను కప్పుదురు. లోపలి గాలిలో ప్రాణవాయువు తరిగి పురుగు బ్రతుకదు, గింజ చెడదు. పొలములోను ఇదే జాగ్రత్త. కొన్ని సాళ్ళ కొఱ్ఱకు నడుమ ఒక సాలు ప్రత్తి వేయుదురు. తొలి వానలు కురిసినచో కొఱ్ఱ మూడు నెలలలో ఇంటికి వచ్చును. వెనుకటి వానలు కురిసినచో ప్రత్తి నిలుచును. రెండును దెబ్బతిన్నచో కొఱ్ఱగడ్డియైనను పశువులకు మిగులును.

పెద్దల మాటయే అన్నిటికి చాలుననుటయు తగదు. 2009లో ముందు వానలు మొగము చాటువేసినవి. అక్టోబరు మొదట తుంగభద్ర పొంగి మంత్రాలయము మఠమునే ముంచినది. కరువుకు పనికివచ్చిన గొయ్యి వరదకు పనికిరాదు.

ధర పెరుగువరకు గింజలు దాచువాడును పాతరనే వాడును. కనుక దోషము దాచుటలో లేదు, ఎవరి కొఱకు దాచితిమన్నదానిలో ఉన్నది. పొరుగువానికి విత్తనముల కొలత తిరిగి ఇచ్చు ఒప్పందముపై ఇచ్చినవాని పాతర శరణాగతికి అడ్డు కాజాలదు.

తెలివి విషయమునను అంతే. గురువు రహస్యముగా ఇచ్చిన మంత్రార్థమును భగవద్రామానుజులు తిరుక్కోట్టియూరు గోపురమెక్కి అందరికి చాటిరని సంప్రదాయము. పాతరకును ఒక రహస్యమున్నది. మూత తీసిన వెంటనే దిగరాదు. పురుగును చంపిన గాలియే మనుష్యుని చంపును. చాలసేపు తెరచియుంచి, దీపము దించి చూడవలెను. దీపము ఆరినచో ఆగవలెను. ఈ ఒక్క మాట చెప్పక కన్నుమూసిన తండ్రి కొడుకునకు ఏమి ఇచ్చినట్లు?

తుంగభద్ర దిగువ కాలువ వచ్చినది, అంగడి బియ్యము వచ్చినది. కాలువ నీరు అందని పొలములు ఇంకను ఉన్నవి. ఎన్నో ఇండ్లలో పాతరలు మన్నుతో పూడిపోయి, వాటిపై కొత్త బండలు పరచబడినవి. ఏ మూల గొయ్యి ఉన్నదో, ఏ సంవత్సరమున దానిని తెరచిరో చెప్పగల అవ్వలు అరుగులపై ఇంకను కొందరు కూర్చొనియున్నారు.