మార్కులు పాటకే, మనిషికి కాదు



రాత్రి భోజనాలయ్యాయి. కుటుంబ జపమాల అయిందో, రేపటికి వాయిదా పడిందో మీకే తెలియాలి. ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరారు. పాటల పోటీ వస్తోంది. పదిహేనేళ్ల అమ్మాయి ఒకతె మైకు పట్టుకుని నిలబడింది. పల్లవి ఇంకా పూర్తి కాలేదు, మన ఇంట్లో తీర్పులు మొదలయ్యాయి. “ఈ పిల్లకు గొంతే లేదు” అన్నారు నాన్నగారు. “ఆ జుట్టేమిటి, ఆ వేషమేమిటి!” అంది అమ్మ. “మొహం చూడండి, ఏడ్చేటట్టుంది” అని అబ్బాయి నవ్వాడు. నానమ్మ ఒక్కతే కళ్లు మూసుకుని పాట వింటోంది.

ఇది మీ ఇంటి సంగతి మాత్రమే కాదు. నేనూ ఎందరో విశ్వాసుల ఇళ్లలో కూర్చుని, వాళ్లిచ్చిన కాఫీ తాగుతూ, ఇలాంటి తీర్పులు చెప్పినవాణ్ణే. అందుకే ఈ వారం ఈ విషయాన్ని మీతో కలిసి ధ్యానించాలనుకుంటున్నాను.

పోటీ అన్నాక తీర్పు తప్పదు. శ్రుతి తప్పితే తప్పిందని చెప్పాలి. తాళం జారితే జారిందని చెప్పాలి. మాట స్పష్టంగా పలకకపోతే సరిదిద్దాలి. అందులో పాపమేమీ లేదు. బాగా పాడని పిల్లను బ్రహ్మాండంగా పాడావని పొగిడితే అది ప్రేమ కాదు, మోసం. ప్రేమతో సత్యం పలకమని పునీత పౌలుగారు ఎఫెసీయులకు రాసిన లేఖ 4వ అధ్యాయంలో బోధించారు. సత్యమూ ఉండాలి, ప్రేమా ఉండాలి. మరి చిక్కు ఎక్కడ వస్తుంది? పాటను తూచే త్రాసులో మనం మనిషిని పెట్టినప్పుడు వస్తుంది.

మీలో చాలామంది విన్న ఒక సంఘటననే జ్ఞాపకం చేస్తాను. 2009 ఏప్రిల్ 11. ఆ రోజు పవిత్ర శనివారం. క్రైస్తవ లోకం పాస్కా జాగరణకు సిద్ధమవుతున్న ఆ సాయంత్రం బ్రిటన్ టీవీలో ‘బ్రిటన్స్ గాట్ టాలెంట్’ అనే పోటీ కార్యక్రమం ప్రసారమైంది. స్కాట్లండులోని బ్లాక్‌బర్న్ అనే చిన్న ఊరినుంచి సూసన్ బోయిల్ అనే స్త్రీ వేదిక ఎక్కింది. వయస్సు 47. పెళ్లి కాలేదు. ఉద్యోగం లేదు. సాదాసీదా దుస్తులు, ఒత్తయిన కనుబొమలు, తడబడే మాటలు. పేరున్న గాయకురాలిని కావాలని తన కోరిక అని చెప్పగానే హాలులో ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. ఒకరు కళ్లు తిప్పారు, మరొకరు పెదవి విరిచారు. ఆ ముఖాలన్నిటినీ కెమెరా పట్టి పట్టి చూపించింది.

తరువాత ఆమె పాడింది. మొదటి పాదం పూర్తి కాకముందే చప్పట్లు మొదలయ్యాయి. జనం లేచి నిలబడ్డారు. ముగ్గురు న్యాయనిర్ణేతలలో ఒకరైన అమండా హోల్డెన్, అందరూ ఆమెకు వ్యతిరేకంగానే ఉన్నారని, ఇది తమ అందరికీ పెద్ద మేలుకొలుపు అని ఆ వేదిక మీదనే ఒప్పుకున్నారు.

ఆ దృశ్యాన్ని లోకమంతా చూసి కంటతడి పెట్టింది. కాని సహోదరులారా, ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. మనం ఎందుకు అంత ఆశ్చర్యపోయాం? చూడ్డానికి అందంగా లేని స్త్రీ గొంతు కూడా బాగుండదని మనం ముందే తీర్పు చెప్పుకున్నాం కాబట్టి. ఆ చప్పట్లలో మెప్పు ఎంత ఉందో, మన తప్పు కూడా అంతే ఉంది.

సమూవేలు మొదటి గ్రంథం 16వ అధ్యాయం చదవండి. కొత్త రాజును అభిషేకించడానికి సమూవేలు ప్రవక్త బేత్లెహేములోని యిషాయి ఇంటికి వెళ్లాడు. పెద్దకొడుకు ఎలీయాబు ఎత్తును, రూపాన్ని చూసి ఇతడే అనుకున్నాడు. ప్రభువు కాదన్నాడు. నరులు పైరూపాన్ని చూస్తారు, తాను మాత్రం హృదయాన్ని చూస్తానని ప్రవక్తకు నేర్పించాడు. ఏడుగురు కొడుకులు వరుసగా వచ్చి వెళ్లిపోయారు. ఎనిమిదవవాడు దావీదు. గొర్రెలు కాచుకుంటున్న ఆ పిల్లవాణ్ణి సొంత తండ్రి కూడా పిలవాలనుకోలేదు. ఆ తరువాత సితార మీటి సౌలు రాజు బాధను తగ్గించినవాడు ఆ పిల్లవాడే. అంత గొప్ప ప్రవక్తే పైరూపం చూసి పొరపడితే మనమెంత?

సూసన్ బోయిల్ ఆ రాత్రి ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఆమె కతోలిక కుటుంబంలో చివరి బిడ్డ. చిన్ననాడు చదువులో వెనుకబడిందని తోటి పిల్లలు ఏడిపించారు. పుట్టుకలోనే మెదడుకు దెబ్బ తగిలిందని పెద్దవాళ్లకు వైద్యులు చెప్పారు. ఆ ముద్రతోనే ఆమె పెరిగింది. అది సరికాదని, తనకున్నది ఆస్పెర్జర్స్ అనే లక్షణమని, తెలివితేటలు సగటుకంటె ఎక్కువేనని వైద్యులు తేల్చినట్టు ఆమె 2013లో వెల్లడించింది. ఎన్ని దశాబ్దాల తరువాత! ఒక్క తప్పుడు తీర్పును మోస్తూ ఒక మనిషి యాభయ్యేళ్లు నడవవలసి వచ్చింది.

అంతకాలమూ ఆమె పాట విన్నవారు మాత్రం ఉన్నారు. ఆమె తన ఊరిలోని లూర్దుమాత దేవాలయంలో సేవ చేసేది. విచారణవారితో కలిసి ఐర్లండులోని నాక్ మరియమాత పుణ్యక్షేత్రానికి యాత్ర వెళ్లి అక్కడ పాడేది. ముసలితల్లిని కనిపెట్టుకుని ఉంది. పోటీకి వెళ్లమని ప్రోత్సహించినది ఆ తల్లే. 2007లో, 91 ఏళ్ల వయస్సులో ఆ తల్లి కన్నుమూసింది. లోకం ముఖం చూసి నవ్వకముందే ఒక తల్లి, ఒక విచారణ ఆ గొంతును విన్నాయి. ప్రియ తల్లిదండ్రులారా, విచారణ పెద్దలారా, మన పని ఇదే కదా!

కథ అక్కడితో ముగియలేదు. ఏడు వారాల తరువాత, మే 30న, చివరి పోటీలో ఆమెకు రెండవ స్థానం వచ్చింది. ఆ మరునాడే తీవ్రమైన అలసటతో లండనులోని ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది. నవ్విన గుంపే భుజాలకెత్తుకుంది, ఆ భుజాల మీదనే ఆమె నలిగిపోయింది. మట్టల ఆదివారం జేజేలు పలికి, శుక్రవారం నాటికి సిలువ వేయమని అరిచిన గుంపును మనం ప్రతి ఏటా గుడిలో తలచుకుంటాం కదా. గుంపు తిట్టు ఎంత తేలికో, దాని పొగడ్త కూడా అంత తేలిక. రెండింటిలోనూ మనిషిని చూసేవారు తక్కువ.

ఆమె కోలుకుంది. 2010 సెప్టెంబరు 16న 16వ బెనెడిక్ట్ పాపుగారు గ్లాస్గో నగరంలోని బెల్లహూస్టన్ పార్కులో దివ్యబలిపూజ సమర్పించిన రోజున వేలాది విశ్వాసుల ముందు ఆమె పాడింది. అక్కడ మార్కులు వేసేవారు ఎవరూ లేరు.

టీవీ గురించి మరొక మాట కూడా మీ పిల్లలకు చెప్పండి. ఇలాంటి పెద్ద పోటీల్లో న్యాయనిర్ణేతల ముందుకు రాకముందే నిర్వాహకులు గాయకులను ఒకసారి వింటారు. కాబట్టి అసలు పాడలేనివాడు తెరమీద కనిపించాడంటే, పొరపాటున వచ్చాడని కాదు. చూపిస్తే జనం నవ్వుతారని ఎవరో ముందుగా లెక్క వేసుకున్నారన్నమాట. ఆ లెక్కలో మన నవ్వు కూడా ఒక అంకె.

మరి మంచి న్యాయనిర్ణేత ఎలా ఉండాలి? తెలుగు ఇళ్లకు ఆ ఉదాహరణ దూరం కాదు. 1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలుపెట్టిన శ్రీ ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు, 2020 సెప్టెంబరు 25న మరణించేవరకు ఎందరో పిల్లలకు పాట నేర్పారు. ఆయన తప్పును దాచేవారు కాదు. ఏ అక్షరం సరిగా పలకలేదో, ఏ స్వరం కిందికి జారిందో విడమర్చి, తానే పాడి చూపించేవారు. ఆ పాట రాసినవారిని, బాణీ కట్టినవారిని గౌరవంగా తలచుకునేవారు. తాను చేసిన పొరపాట్లు కూడా దాపరికం లేకుండా చెప్పేవారు. పిల్లవాడు తన తప్పు తెలుసుకునేవాడు, కాని చిన్నబుచ్చుకుని వెళ్లేవాడు కాదు.

ఆయనకు ఇది ఎక్కడినుంచి అబ్బింది? మద్రాసులో చదువుకుంటున్న రోజుల్లో బాలుగారు కూడా పోటీల్లో పాడిన కుర్రవాడే. సంగీత దర్శకుడు ఎస్.పి. కోదండపాణిగారు ఆ గొంతును గుర్తించి, 1966లో ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ చిత్రంలో తొలి అవకాశం ఇప్పించారు. ఆ మేలు మరువక బాలుగారు తన రికార్డింగ్ థియేటరుకు ఆయన పేరే పెట్టుకున్నారు. వినిన పెద్దాయన కేవలం మార్కులు వేసి ఊరుకోలేదు, తలుపు తీశారు. ఆ తలుపు గుండా వచ్చినవాడు మరెందరికో తలుపులు తీశాడు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. ఇది చెప్పకుండా పై మాటలన్నీ చెప్పే అర్హత నాకు లేదు.

చాలా ఏళ్ల క్రితం క్రిస్మసుకు ముందు జరిగిన పాటల పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టారు. ఒక పన్నెండేళ్ల పాప శ్రుతి ఎక్కువ పెట్టుకుంది. చరణంలో పైస్థాయికి వెళ్లేసరికి గొంతు జీరబోయింది. ఫలితాలు చెప్పేటప్పుడు నేను మైకులో ఒక హాస్యపు మాట అన్నాను. జనం గొల్లుమన్నారు. నాకు సంతోషంగా కూడా అనిపించింది. ఆ తరువాత ఆ పాప గాయక బృందంలోకి రావడం మానేసిందని నాకు తెలియలేదు. నేను కనుక్కోలేదు.

మొన్న ఆ విచారణ పండుగకు వెళ్లాను. ఆమె ఇద్దరు పిల్లల తల్లి. పలకరించి, “కానుకల పాటకు నీవు కూడా వచ్చి పాడమ్మా” అన్నాను. ఆమె నవ్వి, “వద్దు ఫాదర్‌గారూ, నా గొంతు బాగోదు కదా!” అంది. నేనన్న మాట ఆమెకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. చేతులు జోడించి క్షమాపణ అడిగాను. “అయ్యో, అదెప్పటి మాట ఫాదర్, వదిలేయండి” అంది. మనస్ఫూర్తిగానే అంది. కాని పాట మాత్రం పాడలేదు. ఆ రోజు పూజలో కానుకల పాట జరుగుతున్నంతసేపూ పీఠం దగ్గర నిలబడి నేను విన్నది, వినబడని ఆ ఒక్క గొంతునే.

నాలుక చిన్న అవయవమే అయినా చిన్న నిప్పురవ్వ పెద్ద అడవిని కాల్చినట్లు కాల్చగలదని యాకోబుగారి లేఖ 3వ అధ్యాయం చెబుతోంది. మైకు పట్టుకున్న నాలుక సంగతి ఇక చెప్పాలా?

1992లో రెండవ జాన్ పాల్ పాపుగారు ఆమోదించిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం, 2477, 2478 సంఖ్యలలో, సరైన ఆధారం లేకుండా పొరుగువాడి మీద తప్పు మోపడం పాపమని హెచ్చరిస్తోంది. లొయోలా పునీత ఇన్యాసివారి బోధను అక్కడే గుర్తుచేస్తోంది. ఎదుటివాని మాటను ఖండించడానికి తొందరపడక, ముందు దానికి మంచి అర్థం వెదకాలట. అర్థం కాకపోతే అడగాలట. తప్పే అయితే ప్రేమతో సరిదిద్దాలట. పాటల పోటీకి కూర్చునేవారికి ఇంతకంటె మంచి నియమావళి ఏముంటుంది?

కాబట్టి ఈ వారం మీ ఇంట్లో మూడు పనులు చేసి చూడండి. ఒకటి, టీవీలో ఎవరైనా పాడుతుంటే పాట పూర్తయ్యేవరకు ఎవ్వరూ మాట్లాడకూడదు. ఆ తరువాత పాట గురించే మాట్లాడాలి. రంగు, రూపు, కులం, బట్టలు, ఊరు ఎత్తకూడదు.

రెండు, మెప్పును నలుగురిలో చెప్పండి, తప్పును చాటుగా చెప్పండి. సహోదరుడు తప్పు చేస్తే ముందు ఒంటరిగా కలుసుకుని చెప్పమని మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ప్రభువే నేర్పించాడు. ఇది పాటకే కాదు, పరీక్ష మార్కులకూ, కోడలి వంటకూ వర్తిస్తుంది.

మూడు, మన గుడి పోటీ వేదిక కాదు. దైవార్చనలో విశ్వాసులందరి గొంతులూ వినబడాలని రెండవ వాటికన్ మహాసభ 1963లోనే కోరింది. హార్మోనియం దగ్గర నలుగురు బాగా పాడితే చాలదు. ఒకప్పుడు పాడి ఇప్పుడు మానేసినవారు మీ విచారణలో ఎవరున్నారో వెదకండి. వారిని ఎవరు నవ్వారో కూడా గుర్తు చేసుకోండి. అది మీరే అయితే, నాలాగా ఆలస్యం చేయకండి.

ఒకనాడు మనమందరం ఒకే న్యాయాధిపతి ముందు నిలబడతాం. మన జీవితమంతా ఎన్నిచోట్ల శ్రుతి తప్పిందో ఆయనకు తెలుసు. మనం ఏ కొలతతో కొలిచామో ఆ కొలతతోనే మనకూ కొలుస్తారని మత్తయి సువార్త 7వ అధ్యాయం ముందే హెచ్చరించింది. ఆ రోజున మనల్ని చూసి ఆయన నవ్వకూడదనుకుంటే, ఈ రోజున మనం ఎవరినీ చూసి నవ్వకుండా ఉందాం.

ప్రభువా, వినకముందే తీర్పు చెప్పే మా తొందరను క్షమించు. మా మాటవల్ల మూగబోయిన గొంతులను నీవే మరల తెరువు. మా పిల్లల తప్పులు దిద్దే వివేకాన్ని, వారి మనసు నొప్పించని ప్రేమను మాకు దయచేయి. ఆమెన్.