పేరు పెట్టుకున్నంత మాత్రాన

మనల్ని ఎరగనివాళ్లు మనల్ని ప్రేమిస్తే అది ప్రేమేనా? 'అడవి బిడ్డలు' అని పొగిడే ఉపన్యాసాలు మనం చాలా విన్నాం. ఈ ప్రశ్నను ఒక దూరదేశపు చిత్రకారుడి బతుకులో పెట్టి చూద్దాం. అప్పుడు కోపం లేకుండా ఆలోచించగలం.

రొడాల్ఫ్ బ్రెస్డాన్ 1822లో ఫ్రాన్స్‌లో పుట్టాడు, 1885లో చనిపోయాడు. రాగిరేకు మీద, రాతి మీద బొమ్మ గీసి కాగితంపై అచ్చువేయడం అతని పని. రేకుకు మైనం పూత పూసి సూదితో గీస్తారు. ఆమ్లంలో ముంచితే గీత పడినచోటే రేకు తినుకుపోతుంది. ఆ గాళ్లలో సిరా నింపి, తడి కాగితం పెట్టి గట్టిగా నొక్కితే బొమ్మ దిగుతుంది. ఇంత ఓపికైన పని చేసినా పేదరికం అతన్ని వదల్లేదు. ప్రతీకవాద చిత్రకారుల్లో పేరున్న ఒడిలాన్ రెడాన్ ఈ పని నేర్చుకున్నది అతని దగ్గరే. అయినా గురువు పేరు కొద్దిమందికే తెలుసు.

బ్రెస్డాన్‌కు 'షియాన్-కయూ' అని మారుపేరు. ఫెనిమోర్ కూపర్ 1826లో రాసిన నవలలో చింగాచ్‌గూక్ అనే మొహికన్ వీరుడున్నాడు. ఆ పేరు ఫ్రెంచి నోళ్లలో ఇలా మారింది. ఆ రెండు మాటలకు ఫ్రెంచిలో కుక్క, గులకరాయి అని అర్థం. హాజరుపట్టీల్లో మన పిల్లల పేర్లు ఎలా మారిపోతాయో టీచర్లకు చెప్పనక్కర్లేదు.

ఆ నవల పేరులో 'చివరి మొహికన్' అని ఉంది. మొహికన్లు అంతరించలేదు. సొంత నేల నుంచి గెంటివేతకు గురై పడమరకు వెళ్లారు. ఇవాళ అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో స్టాక్‌బ్రిడ్జ్-మన్సీ సమాజంగా బతుకుతున్నారు. పారిస్‌లో ఆ మారుపేరు వినబడిన రోజుల్లోనూ వాళ్లున్నారు. కొన్ని పొగడ్తల్లో ఉన్న ప్రమాదం ఇదే. కథలో మనల్ని వీరుల్ని చేస్తాయి, బతుకులో మనం లేమంటాయి.

1873లో బ్రెస్డాన్ భార్యాపిల్లలతో కెనడా వెళ్లాడు. ప్రకృతి ఒడిలో స్వేచ్ఛగా బతకాలని అతని కల. మాంట్రియల్‌లోనూ పేదరికమే ఎదురైంది. 1877లో తిరిగొచ్చాడు. ఆ కలను మనం ఎగతాళి చేయకూడదు. పేదవాడు మంచి బతుకును ఊహించుకోవడం నేరం కాదు. ఆ నేలమీది మనుషుల మాటకు చోటు లేనప్పుడే ఊహ అన్యాయమవుతుంది.

అదే మనిషి 1861లో 'మంచి సమరయుడు' అనే రాతి అచ్చు బొమ్మ చేశాడు. ఆకు ఆకూ విడిగా గీసిన చిక్కని అడవి. కొమ్మల్లో కోతులు, పక్షులు. నడుమ ఒక ఒంటె. దాని పక్కన, గాయపడినవాడికి సాయం చేస్తున్న మనిషి. పారిస్ ప్రదర్శనలో ఈ బొమ్మకు పెట్టిన పేరు వేరు. అందులో సాయం చేసేది అబ్ద్ అల్-ఖాదిర్, సాయం పొందేది ఒక క్రైస్తవుడు. అల్జీరియాను ఆక్రమించిన ఫ్రెంచివాళ్లతో 1847 దాకా పోరాడిన నాయకుడాయన. 1860లో డమాస్కస్‌లో క్రైస్తవులపై దాడులు జరిగితే వేలమందికి ఆశ్రయమిచ్చి కాపాడాడు. తన దేశంతో యుద్ధం చేసినవాడిలో బ్రెస్డాన్ మంచి సమరయుణ్ణి చూశాడు.

ఈ రెండింటికీ తేడా ఉంది. మారుపేరు నవలలోంచి వచ్చింది. బొమ్మ, బతికున్న ఒక మనిషి చేసిన పనిని గుర్తించింది. నవల చదివి మెచ్చుకోవడానికి ఆ జనాన్ని కలవనక్కర్లేదు. చేసిన పనిని గుర్తించాలంటే ఎదుటివాడూ మనలాగే మంచిచెడులు ఆలోచించి నిర్ణయం తీసుకునేవాడని ఒప్పుకోవాలి. గౌరవం అక్కడే మొదలవుతుంది.

ఈ కొలత మనకూ వర్తిస్తుంది. రోడ్డు పక్క గూడెంవాళ్లం కొండమీది గూడెం గురించి కథలు చెప్పుకోమా? గోండు టీచరు కోలాం గూడేనికి వెళ్లినా, కోయ యువకుడు కొండరెడ్ల గురించి పాట కట్టినా, ముందు వాళ్ల మధ్య కూర్చోవాలి. వాళ్ల పేర్లు వాళ్లెలా పలుకుతారో విని, అలాగే రాయాలి.