కొడుకు అన్నం, బిచ్చగాడి అన్నం



మన పొందూరు ప్రాంతం నుండి పనుల కోసం విశాఖపట్నం చేరిన కుటుంబాలు ఎన్నో. అక్కడ వారికి మంచినీరు, వీధిదీపాలు, చెత్త ఎత్తడం, బిడ్డ పుడితే జనన పత్రం ఇవన్నీ నగరపాలక సంస్థ చేతిలోనివే. 1979లో కార్పొరేషన్ అయిన విశాఖ, 2005లో గాజువాక మునిసిపాలిటీని, చుట్టుపక్కల 32 గ్రామాలను కలుపుకొని మహా నగరమయింది.

2012లో ఆ పాలకవర్గం గడువు తీరింది. మరల ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో! ఐదేళ్ళ గడువు ముగిసేలోగా ఎన్నిక జరపాలని రాజ్యాంగపు 74వ సవరణ చెబుతున్నా, తొమ్మిదేళ్ళు ప్రత్యేకాధికారులే పాలించారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నగరాన్ని అతలాకుతలం చేసిననాడు కూడా వార్డు ప్రజలకు తాము ఎన్నుకున్న ప్రతినిధి లేడు.

"అయితేనేం? కొళాయిలో నీరు వస్తే చాలదా?" అని కొందరు అడుగుతారు. ఈ మాటలో కొంత న్యాయం లేకపోలేదు. తుఫాను తర్వాత అధికారులు, పారిశుద్ధ్య కార్మికులు పడిన శ్రమను కాదనలేము. ఎన్నికైన వారందరూ సేవకులు కారన్నదీ మనకు తెలుసు.

కాని, కొడుకు తినే అన్నానికీ గుమ్మంలో బిచ్చగాడికి పెట్టే అన్నానికీ తేడా ఉంది. అన్నం ఒకటే కావచ్చు. కొడుకు "చాలలేదమ్మా" అనగలడు, బిచ్చగాడు అనలేడు. అడిగే హక్కు లేని సేవ ఎంత మంచిదైనా భిక్షే.

పైనున్న వారికి పెద్ద రోడ్డు కనబడుతుంది. సందు చివరి ఇంటిముందు నిలిచిన మురుగు కనబడదు. మన ఊరి సన్న నూలుకు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. అంత సన్నని పళ్ళు తగిలితేగాని నలక పోదు. పాలన కూడా అంత దగ్గరికి రావాలి. చిన్న సమాజాలు చేసుకోగల పనిని పెద్ద సంస్థలు లాక్కోవడం అన్యాయమని పదకొండవ పయస్ జగద్గురువులు 1931లోనే తమ విశ్వలేఖలో బోధించారు.

మరి మన సంగతి? నగరంలో కాపురముంటూ ఓటు మాత్రం ఊళ్ళో ఉంచుకున్నవారు మనలో లేరా? వార్డు లెక్కలో లేని మనిషి గోడు వినే తొందర ఎవరికుంటుంది? ఆ తొమ్మిదేళ్ళు "ఎన్నికలు ఎప్పుడు?" అని మనం ఎందరం అడిగాము? చేసిన తప్పులతోపాటు, అడగవలసిన చోట అడగకపోవడమూ మన ఆత్మశోధనలో చేరాలి.

ఈసారి పండుగకు విశాఖ నుండి తమ్ముడో మరిదో వచ్చినపుడు, జీతమెంతని అడిగే ముందు, "మీ వీధిలో అందరికీ నీళ్ళు వస్తున్నాయా? నీ ఓటు ఎక్కడుంది?" అని అడగండి.