నీడకు కందాయం

సర్జాపురలో మా వీధి చివర ఒక అవ్వ ఉంది. భర్త మగ్గం నేసేవాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఏటా కందాయం చీటీ పట్టుకుని చదివి చెప్పమని నా దగ్గరికి వస్తుంది. మొన్న చీటీ చూసి, "అవ్వా, నీ జాగా ఇప్పుడు ఎంత పలుకుతుందో తెలుసా?" అన్నాను నవ్వుతూ. ఆమె నవ్వలేదు. "నేను అమ్మకానికి పెట్టినానా నాయనా? పండుకునే దానికి పెట్టుకున్నా" అంది.

ఆ మాట నన్ను వదలడం లేదు.

కందాయం వద్దని ఎవరూ అనరు. రోడ్డు, దీపం, మురుగుకాల్వ ఊరికే రావు. రాబడిని దాచవచ్చు, ఇంటిని దాచలేం. కానీ చుట్టూ అపార్టుమెంట్లు లేచి జాగా విలువ పెరిగినంత మాత్రాన అవ్వ కొంగుముడిలోకి రూపాయి రాదు. మా ఊరికి పొరుగున బెంగళూరు నగరపాలిక 2008లో తెచ్చిన పద్ధతి చూడండి. జాగా విలువను బట్టి ప్రాంతాలు విడదీసి చదరపు అడుగుకు ఇంతని కట్టారు. ఏడాది మొదట్లోనే మొత్తం చెల్లిస్తే 5 శాతం తగ్గింపు. అంటే చేతిలో డబ్బున్నవాడికే రాయితీ!

మన పాతవాళ్లు ఈ సంగతి ఆలోచించకపోలేదు. తెలుగునాట చాలామందికి సూత్రకారుడైన ఆపస్తంబుడు గుడ్డి, మూగ, చెవిటివారికీ రోగులకూ పన్ను వద్దన్నాడు. మనువు 70 ఏళ్లు నిండినవాడినీ చేర్చాడు. ఆ పట్టికలో వేదపండితులకూ చోటు దొరికింది. మినహాయింపు రాసేవాడు తనవాళ్లను మరిచిపోడు. ఇప్పటి ఢిల్లీలో వృద్ధులకు, వికలాంగులకు సొంతంగా ఉండే ఒక ఇంటికి, 200 చదరపు మీటర్ల వరకు, 30 శాతం తగ్గిస్తున్నారు. మంచిదే. అయితే మూడంతస్తుల ముసలి ఆసామికీ అది అందుతుంది. అద్దె గదిలో దగ్గే ముసలివాడికి ఏమీ లేదు. తగ్గించిన డబ్బు ఇంకెవరో కట్టాలి కదా?

మనవాళ్లు ఎందరో స్థిరపడిన అమెరికాలోని టెక్సస్‌లో ఇంకో దారి ఉంది. 65 దాటినవారు, వికలాంగులు తాము ఉండే ఇంటి పన్నును వాయిదా వేసుకోవచ్చు. ఏటికి 5 శాతం వడ్డీతో ఆ బాకీ ఇంటిమీదే ఉంటుంది, తర్వాత వసూలు చేస్తారు. మాఫీ కాదు గనక పొరుగువాడికి నష్టం లేదు, ముసలితనంలో ఇల్లు వదలాల్సిన పనీ లేదు. నాకు ఇది న్యాయంగా తోచింది. అవ్వకు వివరంగా చెప్పాను.

ఆమె ఇంటివైపు చూసింది. లోపల కొడుకు ఉన్నాడు. చిన్నప్పుడే పోలియో వచ్చి నడవలేడు, పెళ్లి కాలేదు.

"నేను పోయినాక ఆ అప్పు వాని నెత్తినా?" అంది.

నేను జవాబు చెప్పలేకపోయాను. బాకీ వారసుడి దగ్గర వసూలవుతుందని అంత ధీమాగా లెక్కవేసినప్పుడు, ఆ వారసుడు ఎలాంటివాడో నేను అడగలేదు. ఇప్పుడు నాకనిపించేది, రాయితీ ఇచ్చేటప్పుడు పత్రంలో పేరున్నవాడి వయసు ఒక్కటే చూస్తే చాలదు. ఆ గడపలో ఎవరున్నారు, దేనితో బతుకుతున్నారు అన్నది ముందు చూడాలి. దానికి అధికారి ఇంటికి రావాలి. వస్తే లంచం కూడా వెంట వస్తుందని మిత్రులు అంటారు. కాదనలేను. అయినా కాగితం చూసి ఇచ్చే దయకన్నా అదే మేలనుకుంటాను.

అవ్వ కొంగుముడి విప్పి నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది. వెళ్లి కట్టి వచ్చాను. రసీదులో పేరు ఇంకా చనిపోయిన భర్తదే.